నల్ల మెట్ల మీద ఇరవై నిమిషాలు

ఎమ్మిగనూరులో నేతగాడు రామలింగప్ప ఇల్లెక్కడని అడిగితే ఇప్పుడు ఎవరైనా చూపిస్తారు. రెండేళ్ల కిందటి దాకా చూపించేవాళ్లు కాదు. ఆ వీధంతా మగ్గాల ఇళ్లే, అన్నింట్లోంచీ ఒకటే చప్పుడు, ఏ రామలింగప్ప అని తిరిగి అడిగేవాళ్లు. ఇప్పుడు మాత్రం "పియానో లాగిన పాప వాళ్లిల్లా?" అని మరీ వేలు పెట్టి చూపిస్తారు. లాగిన అనే అంటారు, వాయించిన అనరు. ఆ మాట ఎలా పుట్టిందో చెబుతాను. వినడానికి బాగుండదు, అయినా చెప్పక తప్పదు.

ఆ పాప పేరు లక్ష్మీదుర్గ. పాప అంటే చంకలో పాప కాదు, ముప్పైకి దగ్గరవుతున్న మనిషి. రామలింగప్పకూ బసమ్మకూ ఒక్కతే కూతురు. మగ్గం చప్పుడు వింటూ పెరిగింది గనక లయ ఆమెకు ఉగ్గుపాలతో అబ్బిందని ఒక పేపరాయన రాశాడు. పచ్చి అబద్ధం. ఆ చప్పుడుకి ఆమెకు తలనొప్పి వచ్చేది. పరీక్షలప్పుడు చెవుల్లో దూది కుక్కుకుని చదివేది. తన బిడ్డ మగ్గం గుంతలో కాళ్లు పెట్టకూడదని రామలింగప్ప ఒట్టు పెట్టుకుని, చిన్నప్పుడే కర్నూలు తీసుకుపోయి మిషన్ వాళ్ల హాస్టల్లో చేర్పించాడు. సంగీతం ఆమెకు అక్కడ దొరికింది.

హాస్టలు పక్కన చర్చిలో ఒక పాత పియానో ఉండేది. దాన్ని వాయించే సుజన టీచరు ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడేది కాదు. తప్పు వాయిస్తే ఎన్నిసార్లయినా మొదటికి తీసుకుపోయేది. నేర్చుకుంటామని వచ్చిన పిల్లలంతా నెల తిరక్కుండా పారిపోయారు. లక్ష్మీదుర్గ పారిపోలేదు. ఆ పెట్టె ముందు కూర్చుంటే ఆమెకు ప్రపంచంలో ఇంకేదీ వినిపించేది కాదు, ఆమెకు కావలసిందీ అదే. డిగ్రీ అయ్యాక కర్నూల్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరుగా చేరి, పిల్లలకు కీబోర్డు నేర్పుతూ, లండన్ వాళ్లు పెట్టే పియానో పరీక్షలు ఒక్కొక్కటే రాసింది. అన్నీ పాసై ఒక్కటి మిగిలింది. అది కూడా పాసైతే హైదరాబాదులో ఒక పెద్ద స్కూల్లో పియానో టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ స్కూల్లో హాలు నిండా పియానోలు ఉన్నాయట. రోజంతా వాటి మధ్య బతకాలి, ఆమె కోరిక అంతే.

ఆ చివరి పరీక్షకు సుజన టీచరు ఒక పాఠం ఏరి ఇచ్చింది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట పోలండు దేశపు కుర్రవాడొకడు రాసినది. పియానో వాయించేవాళ్లలో దాన్ని ఎరగనివాళ్లు ఉండరు. అలాంటివాటిని ఎట్యూడ్ అంటారు, అంటే వేళ్ల సాధన కోసం రాసిన పాఠమని అర్థం. పియానోకు వేళ్లతో నొక్కే మెట్లు తెల్లవీ నల్లవీ ఉంటాయి, ఇందులో కుడిచెయ్యి నల్ల మెట్లు వదిలి కిందికి దిగదు. ఆ సన్నటి మెట్ల మీదే వేళ్లు గెంతుతూ, జారుతూ, ఎక్కడా ఆగకుండా పోవాలి. ఒకే ఒక్క చోట ఒక్క తెల్ల మెట్టు తగులుతుంది. మొత్తం వాయిస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు.

"రెండు నిమిషాల పాఠానికి రెండేండ్లు పడతాది," అంది సుజన టీచరు. "ఇది బలంతో వాయించేది గాదు దుర్గా. చెయ్యి బిగిస్తే చెయ్యే పోతాది. నొప్పి తెలిసిన నిమిషం ఆపెయ్యల్ల."

ఆ మాట చెప్పిన ఏడాదికే ఆమె కాలం చేసింది. చర్చిలో పియానోను అంతకు ముందే చెదలు తినేశాయి. ఇక కీబోర్డు మీద ఆ పాఠం సాగదు. దాని మెట్లు పూచికపుల్లల్లా దిగిపోతాయి, పియానో మెట్టుకు బరువుంటుంది. లక్ష్మీదుర్గకు తెలిసినంతలో కర్నూలు చుట్టుపక్కల వాయించదగ్గ పియానో ఒక్కటే ఉంది. అది ఓర్వకల్లు దగ్గర ఓబులేసు రెడ్డి ఇంట్లో ఉంది.

ఓబులేసు రెడ్డిది కోయిలకుంట్ల వైపు. సేద్యం తమ్ముళ్లకు వదిలి, ఓర్వకల్లు పక్కన భూములు కొని అమ్మి, గుట్ట కింద పెద్ద ఇల్లు కట్టాడు. కూతురు తనూజ సరదా పడితే బెంగళూరు నుంచి పియానో తెప్పించాడు. పాఠాలు చెప్పడానికి లక్ష్మీదుర్గను పెట్టాడు. తనూజ కాస్త నేర్చుకుని, విసుగు పుట్టి, ఆ బెంగళూరుకే చదువుకు పోయింది. లక్ష్మీదుర్గ ధైర్యం చేసి, రోజూ సాయంత్రం వచ్చి వాయించుకుంటానని అడిగింది.

"వాయించుకోమ్మా, దానికేముండాది. దుమ్మన్నా పోతాది," అన్నాడు రెడ్డి.

ఆయన చెడ్డవాడని చెప్పడానికి లేదు. బస్సు తప్పిపోతే జీపులో దింపించేవాడు, తిన్నావా తల్లీ అని అడిగేవాడు. అయితే ఆయన ప్రాణమంతా ఎద్దుల మీద ఉండేది. బండలాగుడు పోటీల ఎద్దులు. సీమలో దీన్ని చూడనివాళ్లు లేరు గానీ, చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పెద్ద రాతిబండకు ఎద్దుల జతను కట్టి ఇరవై నిమిషాలు గడువు పెడతారు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి, గడువు లోపల ఎంత దూరం లాగితే అంత గొప్ప జత. చుట్టూ ఈలలు, కేకలు. ఎద్దు ఎంత రొప్పినా మధ్యలో ఎవరూ విప్పరు. యజమాని భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తితేనే విప్పుతారు.

రెడ్డి ఎద్దులకు కొట్టంలో ఫ్యాన్లు, దోమతెరలు, బాదంపప్పు, పిలిస్తే పలికే పశువుల డాక్టరు. లక్ష్మీదుర్గ వాయిస్తుంటే కిటికీ అవతల వాటి మెడగంటలు వినిపించేవి. పాట వింటే ఎద్దులు కుదురుగా మేస్తాయని ఎవరో చెప్పారట, కిటికీ తీసి పెట్టమనేవాడు. ఆమె సంగీతానికి ఆ ఇంట్లో ఉన్న ప్రయోజనం అదీ.

తువ్వాలు సంగతి లక్ష్మీదుర్గకు చిన్నప్పుడే తెలుసు. రామలింగప్ప ఒకసారి భుజాల మీద కూర్చోబెట్టుకుని తిరునాళ్లకు తీసుకుపోయాడు. బండ లాగుతూ ఒక ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. నోట్లోంచి నురగతో బాటు నెత్తురు కారుతోంది. తోలేవాడు తోక మెలిపెట్టి లేపుతున్నాడు.

"ఇప్పమను నాయినా, ఇప్పమను!" అని పిల్ల ఏడ్చింది.

"మనమంటే ఇప్పరమ్మా. దాని యజమాని తువ్వాలు ఎత్తల్ల."

"ఎత్తడేం మళ్ల?"

"అందురూ జూస్తాండారు గదా పాపా. సిగ్గు." పిల్ల కాళ్లు నిమురుతూ, "నా ఎద్దయితే నేను యప్పుడో ఎత్తేసుంటా," అని కూడా అన్నాడు. ఏడుపు మానిపించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. ఆమె మాత్రం నమ్మింది.

చివరి పరీక్ష ఉన్న ఏడు మహానందిలో శివరాత్రి పోటీల్లో రెడ్డి జతకు మొదటి బహుమతి వచ్చింది. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో విందు పెట్టాడు. లక్ష్మీదుర్గ పరీక్ష హైదరాబాదులో ఆ మంగళవారమే.

"వచ్చిన పెద్దమనుషులకు ఆ నల్ల మెట్ల పాట ఒక్కసారి ఇనిపియ్యమ్మా," అన్నాడు రెడ్డి. "పరీచ్చకు పోయే ముందర మా ఆశీర్వాదం గూడ ఉంటాది."

రెండేళ్లు ఆ ఇంటి పియానో వాడుకున్న మనిషి కాదని ఎలా అంటుంది? పైగా ఆయన ఎమ్మిగనూరుకు కారు పంపి రామలింగప్పను కూడా పిలిపించాడు. రామలింగప్ప తెల్లపంచె కట్టి, తన చేత్తో నేసుకున్న జరీ అంచు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. రెడ్డి ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ముందు వరుస సోఫాలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. "ఈయప్పే మా దుర్గమ్మ నాయిన," అని అందరికీ చూపించి భుజం మీద చెయ్యి వేశాడు. రామలింగప్ప సోఫా అంచున, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చీరల మూట పట్టుకుని ఇలాంటి ఇళ్లకు పోయినప్పుడల్లా వసారాలో నిలబడి చూపించి, నిలబడే తిరిగి వచ్చిన మనిషి ఆయన. మొహం వెలిగిపోతోంది. దాన్ని చూసి లక్ష్మీదుర్గకు కూడా సంతోషమే అయింది.

భోజనాలయ్యాక ఆమె పియానో ముందు కూర్చుంది. చేతులు రుద్దుకుంది. మొదలుపెట్టింది.

కుడిచేతి వేళ్లు నల్ల మెట్ల మీద ఎక్కాయి. ఇత్తడి పళ్లెంలో శనగలు ఒలికినట్టు స్వరాలు గలగలా రాలాయి. కింద ఎడమచెయ్యి తొందర లేకుండా, నవ్వుతున్నట్టుగా వాటికి జవాబు చెప్పింది. ఎక్కడా బిగువు లేదు. ఆ ఒక్క తెల్ల మెట్టు వచ్చింది, వేలు దాన్ని ముట్టి పైకి వెళ్లిపోయింది. ఆఖరున రెండు చేతులూ వేళ్లు చాచి నల్ల మెట్ల మీద పైనుంచి కిందిదాకా జారి ఆగాయి. సుజన టీచరు బతికి ఉంటే ఏమీ అనకుండా తల ఊపేది. అంత బాగా ఆమె ఎప్పుడూ వాయించలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ వాయించలేదు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకా ఉంటుందేమో అని చూస్తున్నారు.

"అయిపాయనా?" అన్నాడు శ్రీకాంత్. ప్రొద్దుటూరు వైపు గుత్తేదారు, బండలాగుడులో రెడ్డికి పాత పోటీదారు. మహానందిలో ఆయన జతకు రెండో బహుమతి వచ్చింది, ఆ మంట ఇంకా చల్లారలేదు. "ఇంత పెట్టె కొంటివి గదన్నా, సిగిరెట్టు కాలేంత సేపు గూడ రాకపాయ. పెండ్లి బ్యాండోల్లే నయం గదా."

అందరూ నవ్వారు. రెడ్డి మొహం మాడిపోయింది. పాట గురించి ఎవరేమన్నా ఆయనకు పట్టేది కాదు. తన ఎద్దు సగం దూరంలో పడిపోయిందని అన్నట్టు ఆయనకు వినిపించింది.

"సేపు గావల్లనా నీకు? మా దుర్గమ్మను ఏమనుకుంటాండావు? ఇదే పాటను ఇర్రవై నిమిషాలు నిలపకుండా లాగుతాది."

"ఐదు మార్లు లాగమను జూస్తాం. లాగితే నా జతలో ఎలపటెద్దును నీ కొట్టంలో కట్టేసి పోతా."

"మాటేనా?"

"మాటే."

లక్ష్మీదుర్గకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక లేచి నిలబడింది. "రెడ్డిగారూ, దీన్ని అట్ల వాయించకూడదు సార్. చెయ్యి పట్టేస్తాది. ఎల్లుండే నాకు పరీక్ష ఉండాది."

"పరీచ్చకే గదమ్మా నేను జెప్తాండేది," అన్నాడు రెడ్డి ప్రేమగానే. "ఇది సాధన పాఠమని నువ్వే జెప్తివి. సాధన ఎంత జేస్తే అంత మంచిది గాదా?"

అక్కడున్న అందరికీ అది సబబుగానే తోచింది. పరీక్ష ముందు చదివితే ఎవరికైనా మార్కులు తగ్గుతాయా? లక్ష్మీదుర్గ తండ్రి వైపు చూసి, "నాయినా, నువ్వన్నా జెప్పు," అంది. రామలింగప్ప ఒకసారి రెడ్డిని చూశాడు, ఒకసారి కూతుర్ని చూశాడు. "అంత పెద్దాయన అడుగుతాండాడు గదా పాపా," అన్నాడు. "రొండు మూడు మార్లే గదా."

ఎద్దులను తోలే బొజ్జన్నను కొట్టంలోంచి పిలిచారు. మహానందిలో వేసుకున్న విజిల్ ఇంకా మెడలోనే ఉంది. ఒక్కో మారుకు ఒక్కో నిమ్మకాయ పియానో మీద పెట్టమన్నారు. భోజనాల బల్ల మీది నిమ్మకాయల గిన్నె తెచ్చుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. పదిమంది ఫోన్లు పైకెత్తారు. విజిల్ మోగింది.

మూడో నిమ్మకాయ దాకా బాగానే ఉంది. నాలుగో మారులో మోచేతి కింద వేడి మొదలైంది. ఐదోది పూర్తి చేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. పందెం తీరిపోయిందిగా అని ఊపిరి పీల్చుకుంది.

"గడువు గాలేదు!" అని అరిచాడు శ్రీకాంత్. "ఇర్రవై నిమిషాలంటివే. గడువు దాకా లాగితే జతలో రొండోది, దాపటెద్దు గూడ నీదే."

"ఆపొద్దమ్మా, ఆపొద్దు! హా! హా!" అన్నాడు రెడ్డి. ఆ గొంతు ఆమె కిటికీలోంచి రోజూ విన్నదే. ఎద్దులతో మాట్లాడే గొంతు అది.

తనే లేచి పోవచ్చు గదా అని మీరు అడగవచ్చు. పోవచ్చు. కానీ రెండేళ్లు ఆ గడప తొక్కిన మొహమాటం ఉంది, సోఫాలో తండ్రి ఉన్నాడు. ఇంకోటి కూడా ఉంది, అబద్ధం ఎందుకు, హాలంతా "దుర్గమ్మా! దుర్గమ్మా!" అని కేకలు పెడుతుంటే ఆ కేకలు ఆమెకూ తలకెక్కాయి. సంగీతం టీచరును అంతమంది ఎప్పుడు పేరు పెట్టి పిలిచారు? ఆమె మళ్లీ చేతులు ఎత్తింది.

ఏడో మారులో వేగం కాస్త తగ్గింది. "నడక తగ్గె! నడక తగ్గె!" అన్నాడు శ్రీకాంత్. బొజ్జన్న అలవాటు కొద్దీ నాలుకతో టక్కున చప్పుడు చేసి, ఎద్దు డొక్క మీద కొట్టినట్టు పియానో పక్కను అరచేత్తో చరిచాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఎనిమిదో మారులో, సరిగ్గా ఆ ఒక్క తెల్ల మెట్టు దగ్గర, ఉంగరపు వేలు కిందికి దిగి పైకి లేవలేదు. మోచేతి నుంచి చిటికెన వేలి దాకా కాల్చిన కడ్డీ దూర్చినట్టయింది. నొప్పి తెలిసిన నిమిషం ఆపెయ్యల్ల అన్న మాట గుర్తొచ్చింది. చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఆమె మొహం మాత్రం సోఫా వైపు తిప్పి, పెదాలతో అంది: "నాయినా, తువ్వాలు."

ఆయన చూశాడు. ఇద్దరి కళ్లూ కలిశాయి. రామలింగప్ప చెయ్యి మోకాలి మీది నుంచి లేచి భుజం మీదికి పోయింది. తువ్వాలు అంచు పట్టుకుంది. లక్ష్మీదుర్గ గుండె కుదుటపడింది. చివరి జారుడు వస్తోంది, మెట్ల వైపు తిరగక తప్పదు, తిరిగింది. బొజ్జన్న విజిల్ కోసం చెవులు రిక్కించి ఆ మారు పూర్తి చేసింది.

విజిల్ రాలేదు. ఎనిమిదో నిమ్మకాయ వచ్చింది. మళ్లీ తిరిగి చూసేసరికి తండ్రి తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, దాన్ని భుజం మీద సర్దుకుంటున్నాడు.

మిగతా మూడు మార్లు వాయించింది ఆమె కాదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోయాయి. మిగిలిన వేళ్లతో మెట్లు గుద్దింది. స్వరాలు సగం పోయాయి, పలికినవాటిలో సగం తప్పు. అది ఒక్కరికీ తెలియలేదు. గాడిదలకేం తెలుసు గంధం వాసన. ఆమె చెవులకు మాత్రం అంతా తెలిసింది, అదే నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

గడువు విజిల్ మోగేసరికి పియానో మీద పదకొండు నిమ్మకాయలు ఉన్నాయి. ఇల్లు దద్దరిల్లింది. రెడ్డి ఎద్దు మెడలోని బంతిపూల దండ తెప్పించి పియానోకు వేసి, పైన కుంకం బొట్టు పెట్టాడు. శ్రీకాంత్‌ను భుజం తట్టి కొట్టంలోకి తీసుకుపోతూ, "ఏం బొజ్జన్నా, ఎద్దులకు కాపడం పెట్టినారా?" అని అడిగాడు. లక్ష్మీదుర్గ చెయ్యి ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

కారులో తిరిగి వస్తుండగా రామలింగప్ప నీళ్ల సీసా ఒంపి, ఆ తువ్వాలు తడిపి ఆమె చేతికి చుట్టాడు.

"నాయినా," అంది ఆమె, "నేను నీ పక్క జూస్తి గదా. నువ్వు గూడ జూసినావు."

"జూసినా పాపా. నన్ను జూసి నవ్వుతాండావనుకుంటి," అన్నాడాయన. "ఆనందానికి కండ్లెంబడి నీళ్లొచ్చె."

ఆమె నమ్మింది. కన్నతండ్రి మాట నమ్మకుంటే ఎలా బతకడం?

పరీక్షకు వెళ్లింది. హైదరాబాదులో తెల్లటి గదిలో నల్లటి పెద్ద పియానో ముందు కూర్చుని కుడిచెయ్యి నల్ల మెట్ల మీద పెట్టింది. మూడు వేళ్లు నిలబడ్డాయి, రెండు వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. పరీక్షకుడు మంచివాడు, ఇంకోసారి రమ్మన్నాడు. ఇంకోసారి లేదని డాక్టరు చెప్పాడు. అన్నం తినడానికి, పనులు చేసుకోవడానికి చెయ్యి పనికొస్తుందట. ఆ రెండు వేళ్లకు మాత్రం మళ్లీ మాట వినడం రాదట. హైదరాబాదు ఉద్యోగం పోయింది. వాయించలేని సంగీతం టీచరు ఎందుకని కర్నూలు స్కూలు వాళ్లూ వద్దన్నారు.

ఒకరోజు రెడ్డి దగ్గరికి పోయింది. ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు. ఆయన ఆమె చెయ్యి తీసుకుని, ఎద్దు గిట్ట చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి నిజంగానే బాధపడ్డాడు. "పోటీకి పోయిన ఎద్దుకు ఒగోసారి ఇట్లయితాది తల్లీ. బొజ్జన్నతో తైలం రాపిచ్చుకో," అన్నాడు. శ్రీకాంత్ దగ్గర గెలిచిన ఎలపటెద్దుకు ఆమె గుర్తుగా దుర్గరాజు అని పేరు పెట్టానని మురిసిపోతూ చెప్పాడు. పియానోను నంద్యాలలో ఒక ఫంక్షన్ హాలుకు ఇచ్చేశాడట. వాయించేవాళ్లు లేకుండా ఇంట్లో అది ఎందుకు అన్నాడు.

అలా లక్ష్మీదుర్గ ఎమ్మిగనూరుకు, చెవుల్లో దూది కుక్కుకున్న ఇంటికే తిరిగి వచ్చింది. ఇప్పుడు రాట్నం దగ్గర కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. రాట్నం తిప్పడానికి వేళ్లతో పని లేదు, పిడికిలి పడితే చాలు.

రామలింగప్పకు మాత్రం వీధిలో గౌరవం పెరిగింది. ఆరోజు ఎవరో తీసిన వీడియో ఊళ్లన్నీ తిరిగి ఆయన ఫోన్‌లోకి కూడా వచ్చింది. చీరల కోసం ఎవరొచ్చినా ముందు దాన్ని చూపించేవాడు. "పదకొండు మార్లు! ఈ జిల్లాలో యా మగోడన్నా లాగినాడా?" అనేవాడు. ఎనిమిదో నిమ్మకాయకు ముందే బొటనవేలితో ఆపేసి, "ఆడికి సాలు, మిగిలిందంతా ఇంతే," అనేవాడు. ఆ పాట మొదలైతే లక్ష్మీదుర్గ మొహం గోడ వైపు తిప్పుకునేది. ఒక్కసారి కూడా చూడలేదు.

మొన్న ఆదోని నుంచి చీరల షావుకారు వచ్చాడు. రామలింగప్ప వీడియో పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చి, టీ చెప్పడానికి లోపలికి పోయాడు. బసమ్మ పాలు లేవంది. ఆయన గిన్నె పట్టుకుని పక్కింటికి పోయాడు. ఇక్కడ వీడియో ఆపేవాళ్లు లేరు. ఆరు, ఏడు, పాట నడుస్తూనే ఉంది. ఆ తెల్ల మెట్టు దగ్గర తప్పిన స్వరం వినపడగానే లక్ష్మీదుర్గ చెయ్యి రాట్నం మీద ఆగింది. లేచి వచ్చి షావుకారు భుజం మీదుగా చూసింది.

వీడియో తీసినవాడు పియానో పక్క నుంచి తీశాడు. ఆమె మొహం, ముందు వరుస సోఫా, రెండూ కనపడుతున్నాయి. తెరమీద ఆమె పక్కకు తిరిగి పెదాలు కదిపింది. నవ్వు కాదు, గుడ్డివాడైనా దాన్ని నవ్వు అనుకోడు. రామలింగప్ప చెయ్యి భుజం మీదికి పోయింది. తువ్వాలు తీశాడు. ఎత్తబోయాడు. అది ఆయన గడ్డం దాకా లేచింది కూడా. అప్పుడు పక్కనున్న ఓబులేసు రెడ్డి, అటు తిరగనైనా తిరగకుండా, ఆయన మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించాడు. పట్టుకోలేదు, అదమలేదు, ఊరికే ఆనించాడు. ఏదో అన్నాడు. రామలింగప్ప ఆయన మొహంలోకి చూసి నవ్వాడు. తువ్వాలు మొహం దగ్గరికి తెచ్చుకుని, తడి లేని కళ్లు తుడుచుకుని, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"బలే లాగినావు పాపా," అన్నాడు షావుకారు. ఆయనకు పియానో తప్ప ఏమీ కనపడలేదు. ఆమె ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుంది.

రామలింగప్ప టీ గ్లాసులు తీసుకుని వచ్చాడు. ఫోన్ కూతురి చేతిలో ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కూకో నాయినా," అంది లక్ష్మీదుర్గ. ఆయన కూర్చున్నాడు. గ్లాసులు నేల మీద పెట్టాడు. ఆమె ఎదురుగా కూర్చుని, ఫోన్ ఆయన మొహానికి పట్టి, ఎనిమిదో మారు దగ్గర నుంచి పెట్టింది. తువ్వాలు లేచింది. రెండు వేళ్లు ఆనాయి. తువ్వాలు దిగింది.

"యట్ల ఎత్తేది పాపా," అన్నాడాయన సన్నగా. "ఆయప్ప పక్కన గూకోబెట్టుకొన్యాడు. భుజం మీద చెయ్యేసినాడు. నా జన్మలో ఒగ రెడ్డి..."

ఆమె వేలితో వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. షావుకారు టీ ముట్టుకోకుండా చెప్పులు వెతుక్కున్నాడు. బసమ్మ తలుపు దగ్గరికి వచ్చి, ఏమైందో అర్థం కాక, అక్కడే నిలబడింది. తువ్వాలు లేచింది, దిగింది. మళ్లీ పెట్టింది. ఆమె తెర వైపు చూడడం లేదు, తండ్రి మొహం చూస్తోంది. ఆయన చెంపల మీద ఈసారి నిజంగానే నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాలు అందుకోబోయి, దాన్ని ముట్టుకోలేక చెయ్యి దించేశాడు.

"ఇంగ సాలు పాపా," అన్నాడు. "ఆపెయ్యమ్మా."

"గడువు గాలేదు నాయినా," అంది లక్ష్మీదుర్గ. మళ్లీ వెనక్కి జరిపింది.